తాయెత్తు కట్టించినందుకు దేవుడు నా బాబు మీద కోపం తీర్చుకుంటున్నాడా?

ఒక చెల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయొద్దంది కాబట్టి అవి తీసేసి, కాస్త కుదించి పెడుతున్నా.

"అక్కా వందనాలు. మాది 3 తరాల నుంచి క్రైస్తవ కుటుంబం. మా ఆయన పెళ్ళికి ముందు బాప్తిస్మం తీసుకున్నారు, అత్తగారి వైపు అంతా హిందువులే, నన్ను సొంత కూతురిలా చూసుకుంటారు. బాబుకి 2 ఏళ్ళప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. హాస్పిటల్‌లో ఉండగా మా ఆడపడుచు వాళ్ళ ఊరి గుడిలో మొక్కుకుంది, తగ్గాక బాబుని తీసుకెళ్ళి తలనీలాలు ఇచ్చి తాయెత్తు కట్టించాం. నేను కూడా అక్కడ మొక్కాను అక్కా, ఎవరూ బలవంతపెట్టలేదు, భయమేసి మొక్కాను. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు బాబుకి 5 ఏళ్ళు, పోయిన నెల మళ్ళీ ఫిట్స్ వచ్చాయి, ఈసారి జ్వరం కూడా లేదు. స్త్రీల కూడికలో ఏడ్చి అంతా చెప్పేస్తే ఒకావిడ నిర్గమకాండం 20 తీసి 'రోషముగల దేవుడు, మూడు నాలుగు తరాలు' అని చదివింది. శాపాలు తెంచే ప్రార్థన చేసే ఒకాయన ఉన్నారు, కానుక 11,000 పట్టుకుని వెళ్ళు అంది. ఇంటికొచ్చి నిర్గమ 32 చదివితే దూడ దగ్గర 3,000 మంది చచ్చిపోయారని ఉంది. అప్పట్నుంచి బైబిల్ తెరవాలంటే వణుకు, సంఘంలో ప్రభువు బల్ల రొట్టె కూడా తీసుకోడం లేదు. నా మీద కోపం నా బాబు మీద చూపిస్తున్నాడా? నిజం చెప్పండి, ఊరికే ఓదార్చొద్దు."

చెల్లీ, నిజమే చెప్తా. అయితే బైబిల్ కంటే ముందు బాబు సంగతి, ఎందుకంటే నీ ఉత్తరంలో డాక్టర్ మాట ఎక్కడా లేదు, అది చూసి నాకు గుండె ఝల్లుమంది. జ్వరంతో వచ్చే ఫిట్స్ 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో కొంతమందికి వస్తాయి, ఎక్కువమందికి వయసు పెరిగేకొద్దీ వాటంతటవే పోతాయి, కానీ జ్వరం లేకుండా వస్తే అది వేరే లెక్క, పిల్లల న్యూరాలజిస్ట్‌కి చూపించాలి, ఈఈజీ అనే మెదడు పరీక్ష తీయిస్తారు, మందులు రాస్తే వాళ్ళు ఆపమనేదాకా ఒక్క పూట కూడా మానకూడదు, ఎవరు ఎంత గట్టిగా ప్రార్థన చేసి స్వస్థత అయిపోయింది అన్నా సరే మానకూడదు. ఈలోపు మళ్ళీ వస్తే బాబుని ఓ పక్కకి తిప్పి పడుకోబెట్టు, నోట్లో చెంచా గానీ వేలు గానీ నీళ్ళు గానీ ఏమీ పెట్టకు, చేతిలో తాళాలు పెట్టే పని కూడా పెట్టుకోకు, టైమ్ చూస్తూ ఉండు, 5 నిమిషాలు దాటితే వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాలి. ఆ 11,000 చేతిలో ఉంటే స్కాన్లకీ మందులకీ వాడు. ఇది ముందు చెయ్యి, మిగతాది తర్వాత చదువుకున్నా పర్లేదు.

ఇప్పుడు నీ ప్రశ్న. నిర్గమ 32 భయపెట్టే అధ్యాయమే, ఆ 3,000 మంది మాటని నేను మెత్తగా చేసి చెప్పను. కానీ నువ్వు 28వ వచనం దగ్గర ఆగిపోయి పుస్తకం మూసేసినట్టున్నావు. ఆ సంగతి 34వ అధ్యాయం దాకా ఉంది, ఇంకా చెప్పాలంటే లేవీయకాండం 9 దాకా పోతుంది. మొదట్నుంచి చూద్దాం.

సీనాయి కొండ కింద ఇశ్రాయేలు జనం, ఐగుప్తు నుంచి బయటికొచ్చి 3 నెలలు దాటిందంతే. 24వ అధ్యాయంలో అందరూ ఒక్క గొంతుతో యెహోవా చెప్పినవన్నీ చేస్తాం అని మాటిచ్చారు, నిబంధన రక్తం వాళ్ళ మీద చల్లారు, అంటే అది ఒక పెళ్ళి లాంటిది, రెండు వైపులా మాట అయిపోయింది. వాళ్ళ నాయకుడు మోషే కొండెక్కాడు, 40 పగళ్ళు 40 రాత్రులు దిగి రాలేదు. ఇక్కడ నీకు తెలిసిన సంగతే ఒకటుంది చూడు. వాళ్ళు మాకు యెహోవా వద్దు అని మొదలుపెట్టలేదు, భయపడ్డారు. మమ్మల్ని తీసుకొచ్చిన ఈ మోషే ఏమయ్యాడో తెలీదు, ముందు నడవడానికి ఏదో ఒకటి చేసిపెట్టు అని మోషే అన్న అహరోను మీద పడ్డారు. ఆయన ఆడవాళ్ళ చెవుల్లో పిల్లల చెవుల్లో ఉన్న బంగారు పోగులు తీయించి దూడ పోత పోసాడు, పోసి "రేపు యెహోవాకు పండగ" అని చాటించాడు, 5వ వచనం చూడు, యెహోవా పేరు పెట్టే చేసారు ఆ పండగ. కంటికి కనపడేది, చేతికి అందేది, మనం లాగితే వచ్చేది ఒకటి కావాలి మనిషికి, కష్టంలో ఇంకా ఎక్కువ కావాలి. నీకు ఆ రోజు గుడిలో జరిగిందీ అదే.

మరి దేవుడు ఏం చేసాడు? కొండమీద మోషేతో, నన్ను వదిలెయ్, నేను వీళ్ళని నిర్మూలం చేసేస్తా, నీ నుంచే ఒక గొప్ప జనాన్ని పుట్టిస్తా అన్నాడు. ఆలోచించు చెల్లీ, చెయ్యాలనుకుంటే మోషేని అడిగి చెయ్యాలా? ఆ మాట మోషే చెవిన వేయడంలోనే అడ్డుపడు అనే పిలుపు ఉందని నేను గట్టిగా నమ్ముతా. మోషే అడ్డుపడ్డాడు, అబ్రాహాము ఇస్సాకు ఇశ్రాయేలు పేర్లు గుర్తుచేసాడు, నీ జనం అన్నాడు, ఆయన చేస్తానన్న కీడు చేయలేదు. తర్వాత మోషే కిందకి దిగి దేవుడి ఆజ్ఞలు రాసిన రాతి పలకలు పగలగొట్టాడు, దూడని కాల్చి పొడి చేసి నీళ్ళల్లో చల్లి వాళ్ళ చేత తాగించాడు. అప్పుడు కూడా పాళెం గుమ్మంలో నిలబడి, యెహోవా వైపు ఉన్నవాళ్ళు నా దగ్గరికి రండి అని అందర్నీ పిలిచాడు. కట్టుబాటు తప్పి తిరుగుతున్న ఆ గుంపులో వచ్చి నిలబడింది లేవి గోత్రంవాళ్ళు. వాళ్ళ కత్తులకి ఆ రోజు 3,000 మంది కూలారు. ఆరు లక్షల మంది మగవాళ్ళు బయల్దేరారని 12వ అధ్యాయంలో ఉంది కాబట్టి లెక్కలో ఇది కొద్ది మందే అని కొంతమంది బోధకులు అంటుంటారు, నాకు ఆ మాట నచ్చదు, చచ్చిపోయినవాడి తల్లికి అది లెక్క కాదు. ఆ చోట దేవుడి కోపం నిజమైన కోపం, అంతే. ఇచ్చిన మాట తడి ఆరకముందే వేరే దాని ముందు సాగిలపడ్డ జనం మీద ఆయనకి కోపం రాకపోతే ఆయనకి ఆ జనం మీద ప్రేమ లేనట్టు.

కానీ తర్వాత రోజు చూడు. మోషే మళ్ళీ కొండెక్కి, వాళ్ళని క్షమించు, లేదంటే నీ పుస్తకంలోంచి నా పేరు కొట్టెయ్ అన్నాడు. దేవుడు జనానికి తెగులు పంపాడు, అది కూడా ఉంది, దాచను. 33వ అధ్యాయంలో ఇంకా పెద్ద మాట అన్నాడు, మీరు వెళ్ళండి, పాలు తేనెలు ప్రవహించే దేశం ఇస్తా, ముందు దూతని పంపుతా, నేను మాత్రం మీ మధ్య నడవను. వరం ఇస్తాడు, తను రాడు. విగ్రహాన్ని కోరుకునేవాడికి కావాల్సింది సరిగ్గా అదే కదా, పని అయిపోవాలి, దేవుడితో సంబంధం అక్కర్లేదు. ఆ రోజు జనం ఆ మాట విని ఏడ్చారు, ఒంటి మీద నగ పెట్టుకోలేదు. నాకు ఆ అధ్యాయంలో అన్నిటికంటే బాగా పట్టేది ఈ ముక్కే, దేశం దొరుకుతుంది అన్నా వాళ్ళకి చాల్లేదు, నువ్వు రాకపోతే మమ్మల్ని ఇక్కడి నుంచి కదిలించొద్దు అని మోషే పట్టుబట్టాడు, దేవుడు వస్తా అన్నాడు.

ఇక 34. పగిలిన పలకల లాంటివే ఇంకో రెండు చెక్కు అని ఆయనే అన్నాడు. తన పేరు తనే చెప్పుకున్నాడు, కనికరం, దయ, దీర్ఘశాంతం, విస్తారమైన కృపాసత్యాలు గల దేవుడు అని. మీ కూడికలో ఆవిడ చదివిన మూడు నాలుగు తరాల మాట ఇక్కడ కూడా ఉంది, 7వ వచనంలో, కానీ దానికి ముందు వేయి వేల మందికి కృప చూపిస్తూ అని ఉంది. 20వ అధ్యాయంలో కూడా అంతే, 5వ వచనంలో నన్ను ద్వేషించేవారి విషయంలో మూడు నాలుగు తరాలు, 6వ వచనంలో నన్ను ప్రేమించేవారిని వెయ్యి తరాల వరకు. ఆవిడ 5 దగ్గర ఆపేసింది, 6 చదవలేదు. దేవుడు లెక్క పెట్టినప్పుడు కోపం వైపు 3, 4 అన్నాడు, దయ వైపు వెయ్యి అన్నాడు. పైగా ద్వేషించేవారి అని స్పష్టంగా ఉంది. నువ్వు ఆయన్ని ద్వేషిస్తున్నావా? ఆయన నిన్ను వదిలేసాడేమో అని రాత్రుళ్ళు ఏడుస్తున్నావు.

లేవీయకాండం 9 మాట కూడా చెప్పి ఈ కొండ దిగుతా. దూడ పోసింది అహరోనే కదా, దేవుడికి ఆయన మీద చంపేసేంత కోపం వచ్చిందని, మోషే ఆయన కోసం కూడా ప్రార్థన చేసాడని ద్వితీయోపదేశం 9:20లో ఉంది. అలాంటి అహరోనుకే యాజక వస్త్రాలు తొడిగారు. 8వ రోజున మొదటిసారి బలిపీఠం దగ్గరికి వచ్చినప్పుడు తన పాపం కోసం ఏం తెమ్మన్నారో తెలుసా, ఒక కోడెదూడ. దూడ చేసిన చేతులతోనే దూడని తెచ్చి బలిచ్చాడు, ఆ రోజు యెహోవా మహిమ జనమందరికీ కనిపించింది, అగ్ని వచ్చి బలిపీఠం మీద ఉన్నది కాల్చింది, జనం ఆనందంతో కేకలేసి సాగిలపడ్డారు. పోగులు ఇచ్చిన ఆ జనమే నిర్గమ 35, 36లో మళ్ళీ పోగులు, ఉంగరాలు, ముక్కరలు తెచ్చారు, ఈసారి దేవుడి గుడారం కోసం, ఇక చాలు తేవొద్దు అని చాటించేంత తెచ్చారు. వాళ్ళని కొట్టిన దేవుడే వాళ్ళ మధ్యలో గుడారం వేయించుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు నీ గుండెల్లో ముల్లు, తరాల సంగతి. నోటితో చెప్పడం కాదు, రాజుల పుస్తకం, దినవృత్తాంతాలు దగ్గర పెట్టుకుని పేర్లు వరసగా చూడు. యూదా రాజు ఆహాజు, విగ్రహాలు చేయించినవాడు, తన కొడుకుల్ని అగ్నిలో దహించినవాడు. మరి ఆయన కొడుకు హిజ్కియా ఏమయ్యాడు? యూదా రాజుల్లో అంత నమ్మకస్తుడు లేడు అనిపించుకున్నాడు. హిజ్కియా కొడుకు మనష్షే, మళ్ళీ తాత దారి, 55 ఏళ్ళు ఏలాడు, ఏకంగా దేవుడి మందిరంలోనే విగ్రహం పెట్టాడు, బిడ్డల్ని అగ్నిలో దాటించాడు. అష్షూరువాళ్ళు సంకెళ్ళు వేసి బబులోను తీసుకెళ్ళారు. ఆ చెరలో మొరపెట్టుకుంటే, చెల్లీ, మనష్షే మొర కూడా దేవుడు విన్నాడు, తిరిగి యెరూషలేముకి తీసుకొచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టాడు, 2 దినవృత్తాంతాలు 33. మనష్షే మనవడు యోషీయా, 8 ఏళ్ళకి రాజయ్యాడు, ఏలుబడి 8వ ఏట, ఇంకా కుర్రాడిగా ఉండగానే దేవుణ్ణి వెతకడం మొదలుపెట్టాడు, అంతటి రాజు అంతకుముందు లేడు తర్వాత లేడు అని రాయబడింది. శాపం తరాల మీద గుడ్డిగా పాకేది అయితే యోషీయాకి బతుకే లేదు. ఇందులో చేదు నిజం కూడా ఉంది, మనష్షే మారినా ఆయన దేశంలో పోసిన విషం పోలేదు, కొడుకు ఆమోను అదే తాగాడు, చివరికి యూదా రాజ్యం కూలిపోయే రోజుల్లో మనష్షే పాపాల మాట మళ్ళీ ఎత్తారు. తల్లిదండ్రులు చేసేది పిల్లలు చూస్తారు, నేర్చుకుంటారు, దాని ఫలితం ఇంట్లో ఉంటుంది. కానీ పిల్లాడి మెదడులో ఫిట్స్ పెట్టి తల్లి మీద పగ తీర్చుకోవడం అనేది వేరే మాట, దాన్ని వాక్యం మీద రుద్దకూడదు.

బబులోను చెరలో ఉన్నవాళ్ళు నీలాగే అనుకునేవాళ్ళు. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్ళు పులిసాయి అని సామెత చెప్పుకునేవాళ్ళు. యెహెజ్కేలు 18లో దేవుడు ఆ సామెత ఇక మీరు పలకొద్దు అని ఒట్టు పెట్టి మరీ ఆపేసాడు, తండ్రి దోషం కొడుకు మోయడు, కొడుకు దోషం తండ్రి మోయడు, ఎవడైనా చస్తే నాకు సంతోషమా, తిరగండి, బతకండి అన్నాడు. ఆ అధ్యాయం మొత్తం గట్టిగా చదువు, మీ ఆయన్ని కూడా కూర్చోబెట్టి చదువు.

ఎవరైనా యరొబాము కొడుకు అబీయా మాట ఎత్తుతారు, బేతేలులో దానులో దూడలు పెట్టిన రాజు, వాడి కొడుకు జబ్బు చేసి చచ్చిపోయాడు కదా అని. నిజమే, 1 రాజులు 14. కానీ అక్కడ అహీయా అనే ప్రవక్త ఉన్నాడు, దేవుడు ఆయనకి నేరుగా మాట ఇచ్చాడు, పైగా ఆ పిల్లాడి గురించి ఆయన అన్న మాట చదివితే కళ్ళు చెమరుస్తాయి, ఆ ఇంట్లో వీడి ఒక్కడిలోనే దేవుడికి మంచి కనపడింది, అందుకే వీడొక్కడే సమాధికి నోచుకుంటాడు అని. ప్రతి పిల్లాడి జబ్బు మీదా ఆ వచనం అతికించే అధికారం కూడికలో కూర్చున్న ఎవరికీ లేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, పాపం ఎవరిది, వీడిదా కన్నవాళ్ళదా అని శిష్యులే అడిగారు, యేసు ప్రభువు వీడిదీ కాదు కన్నవాళ్ళదీ కాదు అని యోహాను 9లో తేల్చేసాడు. ఆయన తేల్చిన ప్రశ్నని మళ్ళీ తవ్వి ఓ తల్లి నెత్తిన వేయడం తప్పు. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో చేసి ఉండకపోవచ్చు, అయినా తప్పు తప్పే.

అలాగని నువ్వు చేసింది ఏం పర్లేదు అని నేను అనడం లేదు, నిజం చెప్పమన్నావుగా. మీ ఆడపడుచు మొక్కుకుంటే అది ఆవిడ భక్తి, ఆవిడ నమ్మినచోట ఆవిడ అడిగింది, బాబు మీద ప్రేమతో అడిగింది. నీ సంగతి వేరు, బాప్తిస్మంలో నువ్వు ఒకరికి మాటిచ్చావు. బైబిల్లో విగ్రహాల గురించి దేవుడి కోపం ఎక్కువ భాగం తన సొంత జనం మీదే, పక్కింటివాళ్ళ మీద కాదు, ఎందుకంటే మాటిచ్చింది వాళ్ళు. హోషేయ ప్రవక్త చేత దేవుడు దీన్ని బతికించి చూపించాడు. భార్య గోమెరు వదిలేసి పోయింది. ధాన్యం, ద్రాక్షారసం, నూనె, వెండి బంగారాలు ఇచ్చింది నేనైతే అవి బయలు అనే దేవత ఇచ్చాడనుకుంది అని 2వ అధ్యాయంలో దేవుడి బాధ ఉంది, చదువుతుంటే కోపమా ఏడుపా అర్థం కాదు, రెండూ కలిసిపోయి ఉంటాయి. అవన్నీ తీసేసుకుంటా అంటాడు, దారికి ముళ్ళకంచె వేస్తా అంటాడు, ఆ వెంటనే దాన్ని అరణ్యంలోకి తీసుకెళ్ళి ప్రేమగా మాట్లాడతా అంటాడు. 3వ అధ్యాయంలో హోషేయ వెళ్ళి 15 తులాల వెండి, కొన్ని యవలు ఇచ్చి సొంత భార్యనే కొనుక్కొచ్చుకున్నాడు. 11వ అధ్యాయంలో తన జనాన్నే ఎఫ్రాయిమూ అని పిలిచి, నిన్నెలా విడిచిపెట్టను అని దేవుడు అంటాడు.

న్యాయాధిపతులు 10 కూడా చూడు, నాకు చాలా ఇష్టమైన చోటు. 7 రకాల దేవతల పేర్లు వరసగా ఉంటాయి, ఇశ్రాయేలు వాళ్ళందర్నీ కొలిచి, అమ్మోనీయులు పీడిస్తే మళ్ళీ యెహోవా దగ్గరికొచ్చి ఏడ్చారు. ఆయన, మీరు కోరుకున్న దేవతల దగ్గరికే వెళ్ళి మొరపెట్టుకోండి, వాళ్ళు రక్షిస్తారేమో చూడండి అన్నాడు. నువ్వు ఇక్కడ ఆగిపోతే అదో శాపనార్థం. ఆగకు. వాళ్ళు నీకు తోచింది చెయ్యి, ఈరోజు మాత్రం విడిపించు అని ఆ దేవతల్ని తీసేసారు, అప్పుడు వాళ్ళ బాధ చూసి ఆయన ప్రాణం ఓర్చుకోలేకపోయింది. శాపవిమోచన ప్రార్థన లేదు, కానుక లేదు, తీసేసారు, ఏడ్చారు, ఆయన ఆగలేకపోయాడు. చివరికి మందిరం లోపల గోడల మీద బొమ్మలు చెక్కించి, 70 మంది పెద్దలు చీకట్లో ధూపం వేసిన రోజుల్లో కూడా, యెహెజ్కేలు 8 నుంచి 11 వరకు చూస్తే, ఆయన మహిమ ఒక్కసారిగా పోలేదు, గడప దగ్గర ఆగింది, తూర్పు గుమ్మం దగ్గర ఆగింది, ఊరికి తూర్పున కొండ మీద ఆగింది. చెరకి పోయినవాళ్ళకి అక్కడ నేనే వాళ్ళకి పరిశుద్ధాలయంగా ఉంటా అన్నాడు.

ఇక చేయాల్సినవి. తాయెత్తు ఇంకా బాబు ఒంటి మీద ఉంటే తీసేయండి, నువ్వొక్కదానివే కాదు, మీ ఆయనతో మాట్లాడి ఇద్దరూ కలిసి తీయండి. ఆదికాండం 35లో యాకోబు ఇంటివాళ్ళ దగ్గరున్న అన్యదేవతల్ని, చెవిపోగుల్ని అడిగి తీసుకుని షెకెము దగ్గర చెట్టు కింద పాతిపెట్టాడు, గొడవ లేదు, ఊరందరి ముందు తగలబెట్టడం లేదు. అత్తగారి ఎదురుగా తీసి విసిరేయడం, వీడియో తీసి సాక్ష్యం అని పెట్టడం లాంటివి వద్దే వద్దు. ఎఫెసులో పౌలు మీద అంత గొడవ జరిగితే, వీళ్ళు గుడి దోచుకోలేదు, మన దేవతని తిట్టలేదు అని ఆ ఊరి కరణమే సాక్ష్యం చెప్పాడు, అపొస్తలుల కార్యాలు 19:37. మీ అత్తగారింట్లో నీ గురించి కూడా ఆ మాటే వినపడాలి. ఆడపడుచుకి చెప్పాల్సింది ఇంతే, వదినా నువ్వు బాబు కోసం చేసిందంతా ప్రేమతో చేసావు, అది నేను మర్చిపోను, కానీ నేను యేసయ్యకి మాటిచ్చినదాన్ని, ఆ రోజు భయంలో మాట తప్పాను, ఇకమీదట మొక్కులకి నేను రాలేను, నన్ను తప్పుగా అనుకోకు. వాళ్ళింటికి భోజనానికి వెళ్ళడం మానకు, పిలిస్తే వెళ్ళి వడ్డించింది అడక్కుండా తినమని పౌలే 1 కొరింథీ 10లో చెప్పాడు, ఇది దేవుడికి పెట్టింది అని వాళ్ళంతట వాళ్ళు చెప్తే మర్యాదగా వద్దు అను.

ఆ శాపాలు తెంచేవాయన దగ్గరికి వెళ్ళకు. సిరియా సేనాపతి నయమాను కుష్ఠం పోయాక తెచ్చిన బహుమానం ఎలీషా ప్రవక్త ముట్టుకోలేదు, దొంగచాటుగా వెనకాల పరిగెత్తి 2 మణుగుల వెండి తీసుకున్న ఆయన సేవకుడు గేహజీకి ఆ కుష్ఠమే అంటుకుంది. తాయెత్తు తీసేసి ఆ చోటులో ప్రార్థన చేసిన నూనె సీసానో రుమాలో కట్టుకోవడం కూడా నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మోషే చేత దేవుడే చేయించిన ఇత్తడి సర్పం, నిజంగా జనం బతికిన సర్పం, దానికి ధూపం వేయడం మొదలుపెట్టేసరికి హిజ్కియా దాన్ని ముక్కలు చేసాడు. మన సంఘాల్లో ఇది ఎంత పెరిగిపోయిందో చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది, పక్కవాళ్ళ తాయెత్తు మీద వేలు చూపిస్తాం, మన అలమరాలో నూనె సీసాల వరస కనపడదు. ధనాపేక్ష విగ్రహారాధనే అని కొలొస్సయి 3:5లో ఉంది, కూడికలో ఆ వచనం తీసి ఎవరైనా ఎవరికైనా చదివి వినిపించారా?

బల్ల సంగతి. పౌలు 1 కొరింథీ 11:28లో మనిషి తన్ను తాను పరీక్షించుకోవాలి, అలా చేసి ఆ రొట్టె తినాలి అన్నాడు. పరీక్షించుకుని ఇంటికి పొమ్మనలేదు, తినమన్నాడు. నువ్వు నెల రోజులుగా చేస్తున్నది పరీక్షే, ఇంక తినడమే మిగిలింది. అయితే ఒక పని ముందు చెయ్యి, ఏ శనివారమో మీ పాస్టర్ గారినీ వాళ్ళ ఆవిడనీ ఇంటికి పిలిచి, మీ ఆయన పక్కన ఉండగా, మొక్కు నుంచి తాయెత్తు దాకా జరిగింది జరిగినట్టు చెప్పి ప్రార్థన చేయించుకో, యాకోబు పత్రిక 5:16 అందుకే ఉంది. కూడిక మొత్తానికి చెప్పాల్సిన అవసరం లేదు. వాళ్ళు కూడా కసురుకుంటే, శాపం మాటే ఎత్తితే, నాకు మళ్ళీ రాయి, మీ దగ్గర్లో మాట్లాడగలిగే పెద్దావిడ ఎవరైనా ఉన్నారేమో నేను కనుక్కుంటా.

చదవడం హోషేయ 14 నుంచి మొదలుపెట్టు, 9 వచనాలే, ఆ తర్వాత వెనక్కి నిర్గమ 32కి రా, ఈసారి 34 దాకా ఆపకుండా చదువు. డాక్టర్ ఈఈజీ చూసి ఏమన్నారో, ఏ మందులు రాసారో తప్పకుండా తెలియజెయ్యి, బాబు పేరు రాయకపోయినా పర్లేదు, ప్రార్థనలో పెట్టుకుంటా.